ఎడమ నుంచి కుడికి

సౌండు మేస్త్రికి చెవులు చురుకు, నోరు మాత్రం మహా పొదుపు. ముప్పై ఎనిమిదేళ్ళు ఇంటి ముందుగదిలోనే కొట్టు పెట్టుకుని రేడియోలూ టేపురికార్డర్లూ ఆంప్లిఫయర్లూ బాగుచేశాడు. ఎవరైనా సెట్టు తెచ్చి దాని కష్టాలన్నీ ఏకరువు పెడుతుంటే, తల కూడా ఎత్తకుండా "అక్కడ పెట్టి వెళ్ళండి" అనేవాడు. అంతే. మర్యాద లేదని కాదు, పని మీదుంటే ఆయనకు మనుషులు ఆనరు. కట్టుకున్న పెళ్ళాం కూడా ఆనేది కాదు, చెప్పొద్దూ!

చేతులు వణకడం మొదలయ్యాక కొట్టు మూసేశాడు. ముందుగదిలో ఇప్పుడు నడుమెత్తు స్పీకర్లు రెండు, ఒక పాత ఆంప్లిఫయరు, టేపుడెక్కు, ఒక కుర్చీ మిగిలాయి. ఆ కుర్చీని ఎవరైనా బెత్తెడు జరిపారా, అయిపోయారే! నాలుగు కాళ్ళ కిందా నేల మీద రంగుతో గుర్తులు పెట్టుకున్నాడు మహానుభావుడు. రెండు స్పీకర్లకీ సమాన దూరంలో కూర్చోవాలట.

రోజూ పది గంటలకి, ఒకప్పుడు కొట్టు తెరిచే వేళకి, ఆ కుర్చీలో కూర్చుని ఒక క్యాసెట్టు పెడతాడు. పాటలూ కావు, పద్యాలూ కావు. ఒకటిన్నర నిమిషం. టక్కున ఆపేసి లేచిపోతాడు. ఆపడం కూడా ఎప్పుడూ ఒక్కచోటే.

అలాంటి మనిషి దగ్గరికి కూతురు పెద్ద అట్టపెట్టెతో దిగింది. టీచరమ్మ. తండ్రికి లేని మాటలన్నీ కూడా ఈవిడకే వచ్చాయి.

"సరౌండ్ సౌండ్ నాన్నా! ముందు మూడు, వెనక రెండు, ఇదిగో ఈ లావుపాటిది గుడగుడలాడటానికి. సంగీతం మధ్యలో కూర్చున్నట్టే ఉంటుంది."

"మనిషికి రెండే చెవులమ్మా. రెండు స్పీకర్లు చాలు."

"రెండే కాళ్ళని ఇంట్లో ఒక్కటే కుర్చీ పెట్టుకుంటామా? బీరువాల్లాంటి ఈ పాత స్పీకర్లని మా స్కూలుకి ఇచ్చేద్దాం. నాలుగింటికి వ్యాను వస్తుంది."

రెండు సెట్లకీ ఆ గదిలో చోటు లేదు, నిజమే. కానీ ఎందుకు వద్దో చెప్పాలంటే ఆ క్యాసెట్టు సంగతి చెప్పాలి. కన్నకూతురికి ఆ సంగతి ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

ఇంతకీ ఆ క్యాసెట్టు ఏమిటంటే, స్టీరియో బాగుచేశాక ఎడమది ఎడమ, కుడిది కుడి పలుకుతున్నాయో లేదో చూసుకోవాలి కదా. దానికని ఆయన కొత్తలో ఒక టేపు తయారుచేసుకున్నాడు. గదికి అటొక మైకు, ఇటొక మైకు పెట్టి, వంటింట్లోంచి భార్యను పిలిచి నడిపించాడు. "ఇదిగో, ఎడమవైపున్నా" అంటుంది ఆవిడ. తర్వాత అడుగులు. ఒక చెప్పు తెగిందేమో, ఈడుస్తున్న చప్పుడు. "ఇప్పుడు మధ్యలో ఉన్నా." మళ్ళీ అడుగులు. "కుడివైపుకి వచ్చేశా."

ఊళ్ళో ఆవిడ నడవని సెట్టు లేదు. "ఎంతమంది ఇళ్ళకి తిప్పారండీ నన్ను! కాళ్ళు పడిపోతున్నాయి" అని నవ్వేది. ఇందరి సెట్లు బాగుచేసిన మనిషి ఆ చెప్పుకి మాత్రం ఒక్క కుట్టు వేయించలేదు.

ఆవిడ పోయి ఆరేళ్ళు. గోడ మీద ఫొటో ఉంది, కానీ ఫొటో కదలదు. ఇక్కడైతే ఆవిడ నడుస్తుంది. రెండు స్పీకర్ల మధ్య ఖాళీ నేల మీద, ఆయన మోకాళ్ళకి మూరెడు దూరంలో, ఎడమ నుంచి కుడికి. ఆ ఒకటిన్నర నిమిషం కోసమే ఆయన మిగతా రోజంతా గడుపుతున్నాడు.

కూతురు మాటల్లోనే అన్నీ బిగించేసింది. ముందువరసలో మూడో పెట్టెను సరిగ్గా ఆ ఖాళీ నేల మీద పెట్టింది.

"ఏదైనా పెట్టి చూద్దాం. అయ్యో, టెస్టు క్యాసెట్టు! ఇది ఇంకా ఉందా నాన్నా?"

ఆయన వద్దనేలోపే మీట నొక్కేసింది.

"ఇదిగో, ఎడమవైపున్నా."

గొంతు మధ్య పెట్టెలోంచి వచ్చింది. మాటన్నది వినబడితే చాలు, దాన్ని నడుమ పెట్టెలోకి లాగేయడం ఆ సెట్టు పద్ధతి. అడుగుల చప్పుడు అయిదు పెట్టెలకీ తలా కాస్త పంచింది. "కుడివైపుకి వచ్చేశా" అన్నదీ ఆ పెట్టెలోంచే. కూతురు కళ్ళు తుడుచుకుంటూ టేపు ఆపింది.

"ఎంత స్పష్టంగా ఉందో అమ్మ గొంతు! పక్కనే ఉన్నట్టు లేదూ?"

"నడవట్లేదు."

"ఏంటి నాన్నా?"

"మీ అమ్మ నడవట్లేదమ్మా." ఆయన మధ్య పెట్టె వైపు వేలు చూపించాడు. "రోజూ నడుస్తుంది. ఇందులో నడవట్లేదు."

కూతురు ఆయన వంకా, నేల మీది రంగు గుర్తుల వంకా చూసింది. వంగి కొత్త వైర్లన్నీ ఊడపీకింది. పాత ఆంప్లిఫయరుకి ఎరుపూ తెలుపూ వైర్లు తగిలించింది.

"స్కూలుకి కొత్తదే ఇద్దాంలే" అని, క్యాసెట్టు వెనక్కి తిప్పి పెట్టి, తండ్రి కుర్చీ పక్కన నేల మీద చతికిలబడింది.

ఆవిడ నడిచింది. చెప్పు ఈడ్చుకుంటూ వాళ్ళిద్దరి ముందునుంచి నడిచి, కుడివైపుకి వచ్చేశానంది. మేస్త్రి ఆపడానికి చెయ్యి చాచాడు. ఆ వణికే చేతిని కూతురు తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆయన రోజూ అక్కడే ఆపేస్తాడని కూతురికేం తెలుసు, పాపం! టేపు ముందుకి సాగింది.

"అయిందా? కాసేపు ఇక్కడే కూర్చోనా?" అంది ఆవిడ గొంతు.

వెంటనే మేస్త్రి కుర్రతనపు గొంతు, విసుగ్గా: "కూర్చుని ఏం చేస్తావు? వెళ్ళు వెళ్ళు, పనుంది."

చెప్పు చప్పుడు కుడి స్పీకరు దాటి వెళ్ళిపోయింది.

మేస్త్రి ఆ ఖాళీ నేల వైపు ముందుకి వంగాడు. "కూర్చోవే" అన్నాడు. "పనేం లేదు, కూర్చో."

టేపు అప్పటికి ఖాళీగా తిరుగుతోంది.