నాలుగు పైపులు, రెండు లుంగీ పీలికలు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ లేదని నాకు గట్టి నమ్మకం. (ఇప్పుడు తెలిసినదేమైనా ఉందా అని వెతుక్కుంటున్నాను.) అందుకే ముందుగానే ఒప్పేసుకుంటాను: ఆ రోజు మా మామ కందిచేనులో తప్పు చేసింది నేను. మిషన్ కాదు, వాన కాదు, గొర్రెలు అసలే కాదు. గొర్రెల మాట ఎందుకొచ్చిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది, అయినా చెబుతాను.

తాండూరులో వ్యవసాయ పనిముట్లు అమ్మే ఒక దుకాణంలో కొత్తగా చేరాను. చేరి మూడు నెలలు కాలేదు, అప్పుడే చొక్కా జేబులో రెండు పెన్నులు. ఆ ఏడే దుకాణానికి కొత్త రకం విత్తే మిషన్లు వచ్చాయి. అవి చేనంతా దున్నవు. గింజ పడే చోట మాత్రం జానెడు వెడల్పున పట్టీలాగా మట్టిని వదులు చేసి, అందులోనే గింజ వేసుకుంటూ పోతాయి. మధ్యలో నిరుటి జొన్న కోతలో మిగిలిన కొయ్యలు అట్లాగే ఉంటాయి, నేలలో తేమ నిలుస్తుంది. పెద్దేముల్ దగ్గర మా మామకు మూడెకరాల నల్లరేగడి ఉంది. ఆ ఇంటికి ఏడాది పొడుగునా ఆధారం అందులో పండే కందే. "నువ్వే జూశి తే అల్లుడా, మాకేమెర్క" అని మిషన్ ఎంచే పని మామ నా మీద పెట్టాడు. నేను ఆరు సాళ్ళదాన్ని ఎంచాను. కారణం, అది ఎర్రగా మెరుస్తోంది. దుకాణం మేస్త్రీ నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "మీ మామ ట్రాక్టర్ శిన్నది. గిది ఎనక తగిలిస్తే ముందు టైర్లు గాల్లకు లేస్తయ్. మీ మామ ఆస్మాన్ల ఇత్తుతడా?" అని నాలుగు సాళ్ళది ఇప్పించాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. "చేన్లకు దింపకముందు జాకీ మీద లేపు. నాలుగు పైపులకు నాలుగు సంచులు గట్టు. పక్క చక్రం చేత్తోని ఇరవై సుట్లు తిప్పి, అన్నిట్ల గింజలు సమానంగ పడ్డయా సూడు. జర మర్వకు." మరవలేదు. అదే నా పాపం.

కొత్త పనిముట్టు ఏదైనా సరే, శుభ్రంగా కడిగి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టనిదే మా అత్త దాన్ని చేనులోకి అడుగుపెట్టనివ్వదు. వాన పడ్డ మర్నాడు మిషన్‌ను కడిగాం. పైపుల్లోకి నీళ్ళు పోతే గింజ అంటుకుంటుందని నేనే తెలివిగా నా పాత నీలం గళ్ళ లుంగీ చింపి, నాలుగు పైపుల మూతుల్లో పీలికలు కుక్కాను. తెల్లవారి వాటిని లాగుతున్నాను. రెండు లాగానో లేదో, "అల్లుడా, ఫోటో దిగుదాం రా!" అని మామ పిలిచాడు. ఫోటో అంటే నేను ఆగే మనిషిని కాను. నేను ముందు నిలబడి పోజు పెట్టేలోగా అత్త వెనకనుంచి మిషన్‌కు బంతిపూల దండ వేసింది. ఒక పక్కనున్న మిగతా రెండు పైపులూ పూల చాటుకు పోయాయి. చక్రం తిప్పి చూడాలన్న సంగతి గుర్తొచ్చింది. కానీ ఊరివాళ్ళు పదిమంది చూస్తుండగా మట్టిలో పడుకుని సంచులు కట్టడం రెండు పెన్నుల మనిషికి తగదనిపించింది.

మామ ట్రాక్టర్ నడిపాడు. నేను గట్టు మీద నిలబడి ఉపన్యాసం నడిపాను. సాయంత్రానికి మూడెకరాలూ అయిపోయాయి. మిషన్ మీది గింజల పెట్టె మూత తీసి మామ నోరు తెరిచాడు. "సగం గింజలు మిగిలినయేందిరా?"

"అదే మామా ఈ మిషన్ గొప్పతనం! సగం గింజ ఆదా!"

"సగం గింజేస్తే సగం పంటనే గద అల్లుడా వచ్చేది?" అంది అత్త.

"నీకు తెల్వదత్తా. ఇది సైన్స్." (ఆ వయసులో ఆ మాట నన్ను చాలాసార్లు గట్టెక్కించింది.)

పదో రోజున మామ ఫోన్ చేశాడు. గొంతులో మునుపటి ఉషారు లేదు. వెళ్ళి చూస్తే చేను చారల దుప్పటిలా ఉంది. నాలుగు సాళ్ళు పచ్చగా మొలకలు, నాలుగు సాళ్ళు ఉత్త నలుపు, మళ్ళీ నాలుగు పచ్చగా. నేల పదును ఆరితే మళ్ళీ విత్తనం పడదు, కంది ఆలస్యమైతే కాపు ఉండదు. మామ ముఖం చూడలేకపోయాను. అటూ ఇటూ చూశాను. పక్క బీడులో గొర్రెలు మేస్తున్నాయి. ఇంకేం, నా నోరు నన్ను అడక్కుండానే పలికింది. "గొర్రెలు పడ్డాయి మామా. మొలకలు మేసేశాయి."

మామ ఎగిరిపడి ఆ మందను కాసే గొర్ల తాతను కేకేశాడు. చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని తిప్పిన మనిషి ఆయన. కర్ర ఆనించి చేను చివరిదాకా చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఏం పిలగా, నా గొర్లు నాలుగు సాళ్ళు లెక్కవెట్టి దిని, నాలుగు సాళ్ళు లెక్కవెట్టి ఇడిశిపెట్టినయా? అవి ఏ బడికి వోయినయిరా?"

మామ మాత్రం నా మాటే పట్టుకున్నాడు. "మా అల్లుడు అబద్ధం జెప్తడా? రేపటి సంది నీ మంద గిటు రావద్దు!" తాత కర్ర ఎత్తాడు. మందను తోలుకుని పోయాడు. ఆయన తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

అత్త ఇవేవీ పట్టించుకోకుండా గొంతుక్కూర్చుని ఖాళీ సాలులో వేలితో మట్టి గీకుతోంది. ఒక చోట గీకింది, ఇంకో చోట గీకింది. గింజే లేదు. లేచి నేరుగా పాకలో ఉన్న మిషన్ దగ్గరికి నడిచింది. వాడిన బంతిపూలు పక్కకు జరిపి, ఒక పైపులో వేలు పెట్టి లాగింది. నీలం గళ్ళ పీలిక వచ్చింది. రెండో పైపులోంచి దాని తమ్ముడు వచ్చాడు. పోయేటప్పుడు రెండు సాళ్ళు, తిరిగొచ్చేటప్పుడు వాటి పక్కనే ఇంకో రెండు: అదీ నాలుగు సాళ్ళ నలుపు లెక్క.

"అల్లుడా, గిది పోయిన దసరాకు నేను వెట్టిన లుంగీ గాదా?"

నేను సైన్స్ అనలేదు.

మామ ఆ పీలికలను అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి, "గా ముసలాయనను ఉత్తగనే అంటిమి గదరా" అన్నాడు. చేను మాట ఎత్తనైనా ఎత్తలేదు.

మళ్ళీ మిషన్ దింపితే మొలిచిన సాళ్ళు టైర్ల కింద నలిగిపోతాయి. దుకాణానికి సెలవు పెట్టాను. రెండు పెన్నులూ అత్తకు ఇచ్చి, నడుముకు గింజల సంచి కట్టుకుని, ఖాళీ సాళ్ళ వెంట కర్రతో పొడుస్తూ, రెండేసి గింజలు వేస్తూ, కాలితో మట్టి కప్పుతూ పోయాను. అత్త పక్క సాలులో నాకంటే రెట్టింపు వేగంతో పోతూ, ఎదురుపడ్డప్పుడల్లా "ఆదా అయిన గింజలేనా అల్లుడా గవి?" అని అడిగేది. నాలుగో రోజుకు నడుము విల్లయింది, చేను నిండింది. అయిదో రోజు జల్లు పడింది.

ఆరో రోజు గొర్ల తాత దగ్గరికి వెళ్ళాను. మాఫీ చెయ్యమన్నాను. "మాఫీ గీఫీ నాకొద్దు. ఒక్క దినం మంద ఎంట తిరుగు. అవి ఎట్ల దింటయో నువ్వే సూడు" అని కర్ర చేతికిచ్చాడు. కోట్‌పల్లి దారి పొడుగునా తిరిగాను. అవి గడ్డి తిన్నాయి, ముళ్ళకంప తిన్నాయి, నా జేబు రుమాలు సగం తిన్నాయి. పొద్దు వాలాక తాత అడిగాడు:

"ఎన్ని సాళ్ళు ఇడిశిపెట్టినయి పిలగా?"

"ఒక్కటి గూడ ఇడ్వలే తాతా."

"ఆ మాట మీ మామ ముంగట జెప్పు."

మామ ముందే కాదు, చాయ్ హోటల్లో ఊరి ముందు కూడా చెప్పాను. నవ్వినవాళ్ళు నవ్వారు. మామ వెళ్ళి తాత చేతులు పట్టుకున్నాడు. ఆ ఏడు కంది రెండు విడతలుగా కోతకొచ్చింది. కోత అయ్యాక తాత మంద మళ్ళీ ఆ చేనులోనే దిగింది.

ఇప్పుడు ఎవరికి మిషన్ అమ్మినా కొబ్బరికాయకు ముందే నేను మట్టిలో పడుకుంటాను. నాలుగు సంచులు, ఇరవై చుట్లు. అదీ పూజలో భాగమేననుకుని కొందరు చెప్పులు విప్పి నిలబడతారు. నేను వద్దనను. పైపుల్లో వేలు పెట్టి చూసుకుంటున్నప్పుడు మాత్రం, వెనక ఎక్కడో జేబులో రెండు పెన్నులతో ఫోటోకు పోజు పెట్టి నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొస్తాడు. "జర ఆగు నాయనా, ఇంకా రెండు మిగిలున్నాయి" అని వాడికి చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేవాడు కాడు.