ఒట్టి చేతులు గిట్టని హ్రుబేష్ బాబాయ్

మా బ్రనో నగరపు నాటకశాలలో రంగసామగ్రి చూసే హ్రుబేష్ బాబాయ్‌కి ఎవరి చేతులైనా ఒట్టిగా కనబడితే చాలు, ప్రాణం విలవిల్లాడేది. పలకరిద్దామని ఇంటికెళ్తే పిల్లిని పట్టుకోమనేవాడు. ఒకసారి దారిలో ఆపిన పోలీసు చేతిలో ఉల్లిపాయ పెట్టాడు. నా భర్త అంత్యక్రియల నాడు ఎండ మాడిపోతుంటే, నా చేతికి గొడుగిచ్చి తెరవమనైనా అనకుండా వెళ్లిపోయాడు. అది తలుచుకుని నాతో కోరస్ పాడే ఆడవాళ్లు ఏళ్లతరబడి నవ్వారు. నేనూ నవ్వాను.

అలాంటి మనిషికి, ఈసారి ఒపేరాను, అంటే పాటల నాటకాన్ని, వట్టి కచేరీలా పాడాలనడం పిడుగుపాటే. తెరలుండవు, వేషాలుండవు, అందరూ నల్లబట్టల్లో నిలబడి పాడటమే. కథేమో బిడ్డను పోగొట్టుకున్న పల్లెపిల్లది. ఆ పిల్ల బంగాళాదుంపల తొక్క తీస్తూ ఏడ్చే పాటే దానికి ప్రాణం.

"దుంపల్లేకుండా ఎలా ఏడుస్తుందండీ?" అన్నాడు బాబాయ్.

"గొంతుతో ఏడుస్తుంది!" పుల్ల ఊపుతూ పాటనీ వాద్యాలనీ నడిపించే మేస్ట్రో కస్సుమన్నాడు. "వేదిక మీద ఒక్క దుంప కనబడిందా, నిన్ను ఇంటికి పంపించేస్తా."

"మీకేం బాబూ, మీ చేతిలో పుల్లుంది. అది లాక్కుంటే తెలుస్తుంది."

కథానాయిక బొహ్దానాకి ఇదే మొదటి పెద్ద పాత్ర. రిహార్సల్లో రెండుసార్లూ ఆ పాట దగ్గరే చేతులు వణికి, గొంతు పూడుకుపోయింది. మూడోసారి ఆగితే పాత్ర ఇంకొకరికిస్తానని మేస్ట్రో తేల్చి చెప్పేశాడు.

కచేరీలో ఆ పాట రానే వచ్చింది. బొహ్దానా చేతులు మళ్లీ వణకసాగాయి. ఇంతలో తన పెళ్లినాటి కోటు తగిలించుకుని, పూలగుత్తి పట్టుకుని బాబాయ్ వేదికెక్కాడు. అంతా అయ్యాక ఇవ్వాల్సిన పూలు పాటకు ముందే! జనం చప్పట్లు కొట్టేశారు. పూలిచ్చే ముసలాణ్ణి మేస్ట్రో ఏమనగలడు? పళ్లు బిగించి నవ్వాడు.

బొహ్దానా గుత్తిలోకి చూసింది. పూల మధ్య సగం తొక్క తీసిన బంగాళాదుంప! దాన్ని గుప్పిట్లో బిగించి గొంతెత్తింది. పాట అయ్యేసరికి హాల్లో కళ్లు తుడుచుకోనివాళ్లు లేరు.

నాకు మాత్రం ఆ గొడుగు గుర్తొచ్చింది. ఆ రోజు దాని పిడి పట్టుకునే కదా సమాధి దాకా నడిచాను! ఇన్నేళ్లూ నవ్వానే గానీ ఆ సంగతి తట్టనేలేదు. సిగ్గేసింది.

విరామంలో మేస్ట్రో ఊగిపోతూ వచ్చాడు. "ఏమయ్యా, నీకసలు..."

"ముందిది పట్టుకోండి బాబూ," అని బాబాయ్ జేబులోంచి ఇంకో దుంప తీశాడు. "చేతులెలా వణుకుతున్నాయో చూడండి."

మేస్ట్రో పట్టుకున్నాడు, తిట్టడం మరిచిపోయాడు. గంట మోగగానే కుడిచేత పుల్ల, ఎడమచేత దుంపతో వేదికెక్కాడు.