రామకృష్ణారావు రైలు దారి

గల్ఫ్‌లో ఉద్యోగం చేసే రామకృష్ణారావు, ఆఫీసు నుంచి అల్ సద్ పేటలోని ఫ్లాట్‌కు రాగానే లుంగీ కట్టుకుని, భోజనాల బల్ల మీద పాత సోవియట్ దేశాల మ్యాప్ పరుస్తాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఆల్మటీ నుంచి తాష్కెంట్ దాకా చూపుడు వేలిని రైలులా నడిపిస్తాడు. పెద్ద స్టేషన్ వస్తే వేలు కాసేపు ఆగుతుంది. ఎడారి వస్తే ఆయనే మంచినీళ్ళు తాగుతాడు. ఒకసారి కజకిస్తాన్ మీద సాంబారు ఒలికితే, “ఈ మరక దాటాక రైలు మారాలి” అని భార్య వేదవతికి గంభీరంగా చెప్పాడు. ఎలాగూ సెలవు దొరకదన్న ధైర్యంతో ఏళ్ళుగా ఈ ప్రయాణం సాగుతోంది.

ఇంతలో, వాళ్ళుండే ఊళ్ళోనే జరగబోయే ఫుట్‌బాల్ వరల్డ్ కప్ దగ్గరపడింది. ఆ నెలంతా ఆఫీసు మూసేస్తామని కంపెనీ చెప్పేసింది. వేదవతి ఆ సాయంత్రమే రెండు ఉన్ని కోట్లు కొనితెచ్చి మ్యాప్ మీద పెట్టింది.

“ఇక టికెట్లు తీయండి.”

రామకృష్ణారావు వేలు పట్టాలు తప్పింది. “అక్కడ చలి...” అన్నాడు.

“అందుకేగా కోట్లు!”

చివరికి ఆయన గొణిగాడు. “రైలెక్కితే నాకు కడుపులో తిప్పేస్తుంది, వేదా.”

“నాకు తెలీదేంటండీ? కాకినాడ నుంచి విశాఖకి కూడా బస్సులోనేగా తీసుకెళ్ళేవారు! మీరు విమానంలో తాష్కెంట్ వెళ్ళిపోండి. నేను ఆల్మటీలో దిగి రైల్లో వస్తాను. స్టేషన్‌కొచ్చి నన్ను దించుకోండి.”

ఆయన మొహం వెలిగిపోయింది. కుర్చీ ముందుకు లాక్కుని, “అయితే నువ్వు ఎడమవైపు కిటికీ దగ్గరే కూర్చోవాలి. కొండలన్నీ అటే!” అన్నాడు.