మైక్‌సెట్ మస్తాన్ అన్నయ్య గొంతు

నిన్న పొద్దున రేపల్లె మార్కెట్లో చేపలు బేరమాడుతున్నాను. ఫోన్ మోగింది. తెనాలి నుంచి రజియా వదిన.

"అమ్మా సుజాతా... మీ అన్నయ్య లేడమ్మా."

అంతే. ఫోన్ కట్టయింది.

చేపలమ్మ పాపం తన పీట ఖాళీ చేసి నన్ను కూర్చోబెట్టింది.

మొన్న సాయంత్రమే మాట్లాడాను కదా! "చెల్లెమ్మా, సోమవారం మళ్ళీ పోలీస్ స్టేషన్‌కి వెళ్తున్నా, నువ్వూ రా" అన్నాడు. మనిషి గట్టిగానే ఉన్నాడు. నిన్న పొద్దున చెప్పులు వేసుకుంటూ అలాగే ఒరిగిపోయాడట. గుండె.

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. మస్తాన్ అన్నయ్యది తెనాలిలో మైక్‌సెట్ షాపు. నేను పద్యనాటకాల్లో వేషాలు వేస్తాను. బాపట్ల, పిట్టలవానిపాలెం, నందివెలుగు... ఏ ఊళ్ళో స్టేజి ఎక్కినా పక్కన మిక్సర్ ముందు ఆయనే ఉండేవాడు.

మైకులు అద్దెకిచ్చేవాళ్ళు బోలెడుమంది. ప్రతి నాటకాన్నీ రికార్డ్ చేసి దాచేది మాత్రం ఈయన ఒక్కడే. ఎవరూ అడగలేదు. పిచ్చి, అంతే.

నాటకం మొదలయ్యే ముందు మైకులో ఊరి పేరు చెప్పేవాడు. హార్మోనియం ఎవరో చెప్పేవాడు. తర్వాత, "దగ్గేవాళ్ళంతా ఇప్పుడే దగ్గేయండమ్మా, తెర లేచాక ఒప్పుకోను!"

జనం నిజంగానే దగ్గేవాళ్ళు. లోపల మేం నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్ళం. ఇక ఆ తర్వాత ఆయన నోరు విప్పేవాడు కాదు.

పిట్టలవానిపాలెంలో ఒకసారి నాటకం మధ్యలో వాన అందుకుంది. మేకప్ కారిపోతోందని మేమంతా లోపలికి పరిగెత్తాం. చూస్తే ఈయన చొక్కా విప్పి రికార్డర్ మీద కప్పి, దానిమీద వంగి కూర్చున్నాడు.

"ఏంటన్నా అది, జ్వరమొస్తుంది, లే!" అని అరిచాను.

"నాకొస్తే తగ్గుద్ది. దీనికొస్తే తగ్గదు చెల్లెమ్మా" అన్నాడు.

ఆ రికార్డింగులన్నీ ఆన్‌లైన్‌లో చానల్ పెట్టి అందరికీ ఫ్రీగా ఇచ్చాడు. వాటిలో పాడినవాళ్ళు చాలామంది ఇప్పుడు లేరు. మా అమ్మ కూడా లేదు. అమ్మ పద్యం వినాలనిపిస్తే ఆ చానల్‌కే వెళ్ళేదాన్ని.

తర్వాత ఒక ఆడియో కంపెనీ మనిషి వచ్చాడు. "కళాభిమానులమండి, కాపీలు కావాలి" అన్నాడు. మా నాటకాలవాళ్ళ సంగతి తెలిసిందే కదా. అడిగితే ఇచ్చేయడమే, కాగితాలూ సంతకాలూ ఏమీ ఉండవు. అన్నయ్య టీ తాగించి మరీ పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు.

కొన్నాళ్ళకి అవే రికార్డింగులు కంపెనీ చానల్లో, వాళ్ళ లోగోతో!

వెంటనే అన్నయ్యకి కాపీరైట్ స్ట్రైకులు. చానల్ పోయింది. లీగల్ నోటీసు వచ్చింది. పైరసీ అని కేసు పెట్టారు. పోలీసులొచ్చి కంప్యూటరూ, హార్డ్‌డిస్కులూ అన్నీ పట్టుకెళ్ళారు.

తను రికార్డ్ చేసిన నాటకాలకి తనే దొంగట! టైప్ చేస్తుంటేనే ఒళ్ళు మండుతోంది.

ఆయన మాత్రం మొదట్లో నవ్వాడు. "చూశావా, నా దగ్గుల గోల కూడా కోయకుండా పెట్టేశారు. ఆ గొంతు నాదేగా?" అన్నాడు. లాయరు కుదరదన్నాడు. నువ్వు వాళ్ళ దగ్గర కూలికి మైకు పట్టావంటారు, అసలు రికార్డింగులు చూపించాల్సిందే అన్నాడు.

అసలువేమో ఆ డిస్కుల్లో ఉన్నాయి.

డిస్కులు ఎక్కడున్నాయి? ల్యాబ్‌కి పంపామన్నారు. ఏ ల్యాబ్? చెప్పకూడదన్నారు. సమాచార హక్కు కింద అడిగాడు. "దర్యాప్తులో ఉంది, వివరాలు ఇవ్వలేము." అప్పీల్ చేశాడు. మళ్ళీ అదే ముక్క.

అందులో ఉన్నవి మా పద్యాలండీ బాబూ! దేశ రహస్యాలా ఏంటి?

ఈలోపు కంపెనీ నుంచి రాజీ కబురు వచ్చింది. రికార్డింగులన్నీ కంపెనీవేనని సంతకం పెడితే కేసు వెనక్కి తీసుకుంటారట. షాపు సరిగ్గా నడవట్లేదు, మనిషి చిక్కిపోయాడు. పెట్టేయమని ఇంట్లోవాళ్ళూ, మేమూ అందరం చెప్పాం.

"పెడితే మీ అమ్మ గొంతు వాళ్ళదైపోద్ది. ఎట్టా పెడతానే?" అన్నాడు.

పెట్టలేదు. నిన్నటిదాకా పెట్టలేదు.

నిన్న సాయంత్రం మగవాళ్ళు ఆయన్ని తీసుకెళ్ళిపోయాక, నేను వదిన పక్కన కూర్చున్నాను. ఏడ్చి ఏడ్చి, "ఆయన గొంతు ఒక్కసారి వినిపించమ్మా" అంది.

ఫోన్లన్నీ వెతికాం. ఎక్కడ చూసినా వేరేవాళ్ళ గొంతులే. ఊళ్ళ గొంతులన్నీ పట్టుకున్న మనిషి తన గొంతు ఎక్కడా దాచుకోలేదు.

చివరికి కంపెనీ చానల్ తెరిచాను. నందివెలుగు నాటకం. ముందు సబ్బు యాడ్ వచ్చింది. స్కిప్ అవ్వదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వదిన ఆ యాడ్ మొత్తం చూసింది.

అప్పుడు వచ్చింది.

"హలో... హలో... నందివెలుగు... హార్మోనియం మాస్టారు రెడీయా... దగ్గేవాళ్ళంతా ఇప్పుడే దగ్గేయండమ్మా..."

వదిన మళ్ళీ పెట్టమంది. మళ్ళీ సబ్బు యాడ్.

ఆ ముక్క ఇక్కడ పెట్టి మీకందరికీ వినిపించాలని ఉంది. పెడితే నాకూ స్ట్రైకే. మా అన్నయ్య గొంతు కంపెనీదట.

అన్నయ్యా, సోమవారం స్టేషన్‌కి నేను వెళ్తాను. వదిన కూడా వస్తానంది. ఆ డిస్కులు ఎక్కడున్నాయో చెప్పేదాకా అడుగుతాం. సంతకం మాత్రం పెట్టం.

నువ్వు హాయిగా పడుకో. అల్లా నీకు చల్లని నీడనివ్వాలి.

నీ చుట్టుపక్కల ఎవరూ దగ్గకుండా చూసుకోవాలి.