కంచం మీద అరచెయ్యి

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోతలు నావి, నిజాలు మా అన్నయ్యవి. ఢిల్లీ సాకేత్‌లో మా ఫ్లాట్ల మెట్ల కింద పడుకునే పిల్లి పోయిన జన్మలో రైల్వే మంత్రి అని నేను చెబితే, పక్క బ్లాకు పిల్లలు దానికి నమస్తే పెట్టి మరీ పైకెక్కేవారు. అన్నయ్య నాకంటే ఐదేళ్ళు పెద్ద. కానీ ఎవరేమన్నా అన్నది అన్నట్టే నమ్మేవాడు. తనకు ఆటిజం. ఇప్పుడంటే ఆ మాట చాలామందికి తెలుసు. రెండువేల సంవత్సరం దాటిన ఆ తొలిరోజుల్లో మాత్రం మా నాన్న ఆఫీసువాళ్ళతో "అబ్బాయి కాస్త నెమ్మది" అనేసి, వెంటనే బదిలీల సంగతి ఎత్తుకునేవారు.

అన్నయ్యకు అమ్మ చిన్నప్పుడే నేర్పిన నియమం ఒకటుంది. కంచంలో మెతుకు వదలకూడదు. మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఇంకో నియమం కూడా ఉంది, దాన్ని ఎవరూ నేర్పరు. ఖాళీ కంచం కనబడితే వడ్డించాలి. ఈ రెండూ ఎదురుపడితే ఏమవుతుందో ఫరీదాబాదులో నాన్న స్నేహితుడి గృహప్రవేశంలో చూశాం. అన్నయ్య కంచం ఖాళీ చేస్తున్నాడు, వాళ్ళు నింపుతున్నారు. "అబ్బ, ఎంత ఇష్టంగా తింటున్నాడో!" అని ఇంటావిడ మురిసిపోయి ఇంకో బూరె వేసింది. చివరికి తిన్నదంతా కొత్త గచ్చు మీదకే వచ్చేసింది. చుట్టూ జనం మూగేసరికి అన్నయ్య చెవులు మూసుకుని అరవడం మొదలుపెట్టాడు. నేను చెప్పినప్పుడల్లా ఆ బూరెల గుట్ట పెరుగుతూనే ఉంటుంది కానీ, అప్పుడు అమ్మ మొహం ఎంత వాడిపోయిందో మాత్రం పెంచి చెప్పడం నా వల్ల కాదు. ఆ తర్వాత అమ్మ ఏ పెళ్ళికీ వెళ్ళలేదు, ఏ పేరంటానికీ వెళ్ళలేదు.

ఆ చలికాలంలో అన్నయ్యకు ఒక శిక్షణ కేంద్రంలో చోటు దొరికేలా కనిపించింది. అట్టపెట్టెలు కట్టడం, సరుకులు ప్యాక్ చెయ్యడం నేర్పి, తర్వాత పనిలో పెడతారు. మధ్యాహ్నం భోజనం అక్కడి క్యాంటీన్‌లోనే, ఇంటివాళ్ళెవరూ వెంట ఉండకూడదు. తన భోజనం తను చూసుకోలేకపోతే చేర్చుకోవడం కష్టమని ముందే చెప్పేశారు. అమ్మ ఆ మాట విన్నప్పటినుంచి సరిగా తినడం మానేసింది. "ఇంట్లోనే ఉంటాడులెండి. నేనున్నన్నాళ్ళూ నేను పెట్టుకుంటాను" అంది. ఆవిడ లేనప్పుడు ఎవరు పెడతారన్న ప్రశ్న మా భోజనాల బల్ల దగ్గర నాలుగు కుర్చీలకు తోడు ఐదో కుర్చీ వేసుకుని కూర్చుంది.

అప్పుడు కల్పించుకుంది పక్కింటి అక్క. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. ఇలాంటి పిల్లలకు చదువు చెప్పడం నేర్చుకుంటోంది. "ఆంటీ, తినడం కాదు, ఆపడం నేర్పాలి. ప్రాక్టీస్ కరేంగే, బస్. చేయిస్తే చాలు, అదే వస్తుంది" అంది. ఎవరు వడ్డించాలి అన్న ప్రశ్న రాగానే నావైపు తిరిగింది. "ఇది ఉంది కదా. ఇంతకన్నా జిద్దీ నోరు, మొండి నోరు ఈ కాలనీలో ఎవరికుంది?"

నా జన్మలో నా నోటికి దొరికిన మొదటి ఉద్యోగం అది. బొమ్మల బకెట్టు, గరిటె పట్టుకుని రోజూ సాయంత్రం అన్నయ్య చుట్టూ తిరిగేదాన్ని. గరిటె రాకముందే కంచం మీద అరచెయ్యి అడ్డం పెట్టి "చాలండీ" అనాలి. పడకముందే ఆపితే వదిలేసినట్టు కాదు కాబట్టి అమ్మ నియమానికీ భంగం ఉండదు. ఇది అక్క తెలివి. మొహంలోకి చూసి మాట్లాడమని అమ్మ బతిమాలితే అక్క వారించింది. "కళ్ళలోకి ఎందుకు ఆంటీ, గరిటెను చూస్తే చాలు."

నేను ఊరుకుంటానా! "ఒక్క గరిటె బాబూ! మా ఊరి గేదె మూడు నదులు ఈదొచ్చి ఇచ్చిన నెయ్యి! కాదంటే అది అలుగుతుంది!" అని మొదలుపెట్టేదాన్ని. మొదట్లో అన్నయ్య చెయ్యి తీసేసి, "అలిగిందా? ఎక్కడుంది?" అని దిగులుగా కిటికీలోంచి చూసేవాడు. మెల్లమెల్లగా గేదె ఎంత అలిగినా చెయ్యి కదలడం మానేసింది. మేం గెలిచామనుకున్నాం.

అసలు పరీక్షకు అక్క ఎంచుకున్నది అశోకా రోడ్డులోని ఒక తెలుగు భోజనశాల. టోకెన్ తీసుకుని, తెలియనివాళ్ళ మధ్య ఖాళీ దొరికిన కుర్చీలో కూర్చుంటే, మనం వద్దనేదాకా వడ్డిస్తూనే ఉంటారు. ఆదివారం కావడంతో లోపల తిరనాళ్ళలా ఉంది. స్టీలు కంచాల మోత, కేకలు. అన్నయ్య ఒక్కడే ఒక బల్ల దగ్గర కూర్చున్నాడు. రెండు బల్లల అవతల అక్కా, నేనూ. అమ్మ లోపలికి రాలేక రోడ్డు పక్క చెట్టు కింద నిలబడిపోయింది, చేతిలో పెరుగన్నం డబ్బాతో.

అప్పుడు తెలిసింది మేం చేసిన పొరపాటు. వడ్డించే పెద్దాయన నోరు విప్పడం లేదు! వెనకనుంచి వస్తాడు, గరిటె వంచుతాడు, పోతాడు. ఇంట్లో నేను ఊరూ పేరూ గేదెతో సహా చెబితేగానీ గరిటె వంచలేదు. అన్నయ్య ఆ మాటల కోసం ఎదురుచూస్తున్నాడు. మాట రాలేదు, అన్నం పడింది. తినేశాడు. మళ్ళీ పడింది. మళ్ళీ తినేశాడు. మూడోసారి పడేసరికి తన భుజాలు ముందుకీ వెనక్కీ ఊగడం మొదలైంది. గొంతులోంచి సన్నగా ఒక రొద. పక్కన కూర్చున్నావిడ తన కుర్చీని అటు జరుపుకుంది. ఫరీదాబాదు గచ్చు నా కళ్ళముందు కదిలింది. నేను లేవబోయాను.

అక్క బల్ల కిందనుంచి నా మణికట్టు పట్టుకుంది. "బైఠ్ జా."

"వాంతి చేసుకుంటాడక్కా!"

"ఇవాళ నువ్వెళ్తే, రేపు ఆ క్యాంటీన్‌కి కూడా నువ్వే వెళ్ళాలి. కూర్చో" అంది. అంటూనే తనూ కుర్చీ అంచుకు జరిగింది.

పెద్దాయన మళ్ళీ బకెట్టుతో అటే వస్తున్నాడు. అన్నయ్య కంచంలో ఆఖరి ముద్ద మిగిలింది. అది నోట్లో పెట్టుకున్నాడు. మింగాడు. గరిటె దగ్గరకొచ్చింది. ఉన్నట్టుండి అన్నయ్య అరచెయ్యి దబ్బున కంచం మీద పడింది. హాలంతా వినబడేలా, అచ్చం నా గొంతుతో, నా సాగదీతతో, "ఒక్క గరిటె బాబూ! మా ఊరి గేదె మూడు నదులు ఈదొచ్చి ఇచ్చిన నెయ్యి! కాదంటే అది అలుగుతుంది!" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, తన గొంతుతో, గరిటెనే చూస్తూ, "చాలండీ" అన్నాడు.

ఎదుటి మనిషి తన మాటలు చెప్పకపోతే అవి కూడా తనే చెప్పేసుకున్నాడు!

పెద్దాయన గరిటె గాల్లోనే ఆగింది. ఇప్పుడేమంటాడో, ఎవరు నవ్వుతారో అని నేను చుట్టూ చూశాను. ఆయన అన్నయ్యను ఎగాదిగా చూసి, "గేదె సంగతి నేను చూసుకుంటాలే నాయనా. చాలంటే చాలే" అని బకెట్టు పక్క కంచం వైపు తిప్పాడు. అంతే. ఎవరూ మూగలేదు. కుర్చీ జరుపుకున్నావిడ పప్పు అడిగి వేయించుకుంది.

అన్నయ్య చెయ్యి కడుక్కుని బయటికొచ్చాడు. అమ్మ పరిగెత్తుకొచ్చి, అలవాటు కొద్దీ డబ్బా మూత తీసి, "ఒక్క ముద్ద పెరుగన్నం నాన్నా, కడుపు చల్లగా ఉంటుంది" అంది. అన్నయ్య డబ్బా మీద అరచెయ్యి పెట్టాడు. "చాలండీ."

"కన్నతల్లిని అండీ అంటాడేమిటే వీడు!" అంటూ అమ్మ నవ్వింది. ఆ నవ్వులోనే ఏడుస్తూ చెట్టుకు ఆనుకుని, ఆ పెరుగన్నమంతా తనే తినేసింది. శిక్షణ కేంద్రంలో అన్నయ్య నిలదొక్కుకున్నాడు. అక్కడివాళ్ళకు మొదటివారమే ఆ గేదె గురించి మొత్తం తెలిసిపోయింది.

నాకిప్పుడు తల నెరుస్తోంది. కోతలు మాత్రం నెరవలేదు. అయితే ఎవరికైనా ఏదైనా నేర్పాలని కూర్చున్నప్పుడు, వాళ్ళకు ఎదురయ్యే మనిషి నాలా వాగకపోవచ్చని గుర్తు తెచ్చుకుంటాను. ఎవరైనా ఒక్కసారి చాలంటే, మొహమాటమేమోనని రెండోసారి అడగను. వడ్డనలోనే కాదు, ఎందులోనూ.

ఈ కథ అన్నయ్య ముందు చెప్పినప్పుడల్లా నేను గేదెను నాలుగో నది కూడా ఈదిస్తాను. అన్నయ్య నా మొహం చూడడు. నా టీ కప్పు మీద అరచెయ్యి పెడతాడు. నేను నోరు మూసుకుంటాను.