మామ అరికాళ్ళు

పొద్దుగాల మా మామ సచ్చిపోయిండు. అమ్మకి అన్న. ఎట్లయింది అని అందరు అడుగుతున్రు, నోటితోని చెప్పరాదు నాకు, మూగోన్ని గద, అందుకే మెసేజ్ కొడుతున్న. కాలి పుండు నల్లగయ్యి విషం పైకెక్కింది. ఆ పుండు లాఠీ దెబ్బలది.

మామకి కోపం జాస్తి. పోడు చేన్ల మోడు అడ్డమొస్తే గొడ్డలి తేడు, మడిమతోనే తన్నుతడు. రక్తం కారినా చూడడు. నొప్పి లేదా మామా అంటే "నొప్పికే నేనంటే భయంరా అల్లుడా" అంటడు. ఊరంత నమ్మినం. మామ గూడ నమ్మిండు. బడిల నన్ను కొట్టినోని ఇంటికి పోయి తలుపు తన్ని ఇరగ్గొట్టిండు. "నీకు నోరు లేకపోతేంది, నాకు కాలుంది" అన్నడు.

పోయిన ఎండాకాలం అడివిల దళమోళ్ళకి బువ్వ పెట్టినవని మామని పోలీసోళ్ళు పట్కపోయిన్రు. మామ పెట్టలే. ఊరోళ్ళని ఇంకొందర్ని గూడ బోర్ల పండబెట్టి అరికాళ్ళ మీద కొట్టిన్రు. అందరు ఒకటే ఒర్లుడు. మామ కిక్కురుమనలే. "వీడు ట్రైనింగైనోడు, దళమోడే" అని ఇంకా కొట్టిన్రు. తోలు చీలి మాంసం బైటపడ్డది. అప్పుడు గూడ తల తిప్పి "అయిపోయిందా?" అన్నడంట. ఇంకో లాఠీ తెచ్చిన్రంట.

రక్తం ఆగక జీపుల భద్రాచలం దవాఖానాకి తెచ్చిన్రు. అమ్మ, నేను ఉరికినం. డాక్టర్ సన్న నైలాన్ దారం తీసి "కండ్లు మూస్కో, తాకితే అవ్ అను" అన్నడు. వేళ్ళు, మడిమ, అంతట తాకిచ్చిండు. మామ అవ్ అనలే.

"నాటకం సార్" అన్నడు ఎంబడొచ్చిన పోలీసాయన, కొట్టినాయనే.

డాక్టర్ సూది తీసి పాదంల గుచ్చిండు. రక్తమొచ్చింది, మామ రెప్ప కొట్టలే. గుచ్చుకుంట పైకొచ్చిండు. మోకాలి కింద గుచ్చంగనే "నీ యవ్వ!" అని ఒక్క తన్ను. ట్రే పోయి గోడకి తగిలింది.

"చూసినవా? కింద నరాలు సచ్చినయి. షుగరు. ఈయన ఓర్చుకోలే, ఈయనకి తెల్వనే తెల్వదు" అన్నడు డాక్టర్.

కొట్టినాయన ఆ కాళ్ళ దిక్కు చూసుకుంట నిలబడ్డడు. సాయంత్రం మామని ఇడిసిపెట్టిన్రు.

మామకి సంతోషం లేదు. "మొగోన్ని అనుకున్నగదరా" అని గోడని గుద్దిండు. చెయ్యి నొప్పి పెట్టి ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటుంటే అమ్మ ఏడ్చుకుంటనే నవ్వింది. పుండు మానలే. కాలు తీసెయ్యాలె అని డాక్టర్ అంటే గొడ్డలి తీస్త అన్నడు.

ఇయ్యాల స్నానం పోసేటప్పుడు పెద్దోళ్ళు ఉడుకునీళ్ళు కాళ్ళ మీద కుమ్మరియ్యబోయిన్రు. అమ్మ ఒక్క అరుపు అరిచి చెంబు గుంజుకున్నది. చన్నీళ్ళు కలిపింది. చెయ్యి పెట్టి చూసి, మళ్ళ కలిపి, మళ్ళ చూసి, అప్పుడు మెల్లగ పోసింది.