లాల్ అహ్మద్ పూల కాగితం

గద్వాల బజారులో లాల్ అహ్మద్ ఫోటోలు తీసేవాడు. దుకాణం వెనక పెరట్లో, వెదురు చట్రానికి హైదరాబాదు నుంచి తెప్పించిన పూల కాగితం అంటించి పెట్టుకున్నాడు. అరచేయంత చామంతులు. దాని ముందు కూర్చుంటే ఎవరికైనా తోటలో కూర్చున్నట్టు ఉంటుందని ఆయన నమ్మకం.

యుద్ధం నడుస్తున్న రోజులవి. ఒకనాటి ఉదయం పక్క ఊరి నర్సమ్మ, మరిది పెంటయ్యను తోడు తీసుకుని వచ్చింది. భర్త పోయి ఆరేళ్లు. ఒక్కగానొక్క కొడుకు పటాలంలో ఉన్నాడు. అమ్మ ముఖం చూడాలని ఉందని జాబు రాయించాడు. సెలవు మీద వాళ్ల ఊరికి వచ్చిన ఎల్లయ్యది అదే పటాలం. అతను మర్నాడు మధ్యాహ్నం రైలుకు తిరిగి పోతున్నాడు. ఫోటో అతని చేతికి అందాలి, లేకపోతే మళ్లీ ఎప్పుడో.

లాల్ అహ్మద్ పరాయి ఆడవాళ్లను తేరిపార చూడడు. కూర్చోబెట్టడం, కొంగు సర్దడం భార్య బడేబీ పని. ఆయన నల్లగుడ్డ కింద తలపెట్టి, అద్దంలో తలకిందులుగా కనబడే ముఖం మాత్రం సరిచూసుకుంటాడు. ఆనాడూ అంతే చేశాడు.

పొద్దు వాలకముందే ఫోటో చేతికిచ్చాడు. ముఖం చక్కగా వచ్చింది. కాకపోతే వెనక కాగితంలోని చామంతి ఒకటి సరిగ్గా చెవి పైకి వచ్చి, కొప్పులో తురిమినట్టే ఉంది.

పెంటయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మా వదినకు పువ్వు నువ్వు పెట్టినవా సాయిబూ, నీ కాయితం పెట్టిందా?"

లాల్ అహ్మద్ తప్పు తనదేనన్నాడు. నర్సమ్మ ఫోటోను మరిది చేతిలోంచి తీసుకుని చూసింది.

"కొడుకు ఊర్లో ఉంటె నేనే చెప్పుకుందును. గంత దూరంల వాడు చూసి ఏమనుకుంటడో. జర ఇంకోటి తియ్యి సాయిబూ."

ఇంకా కాస్త వెలుగుంది. బడేబీ పక్క మీది తెల్ల దుప్పటి తెచ్చింది. లాల్ అహ్మద్ పూల మీదుగానే దాన్ని చట్రానికి మేకులతో బిగించాడు. కాగితం రెండు చోట్ల చిరిగింది. రెండో ఫోటో తీశాడు. అచ్చు తీయడానికి మర్నాటి ఎండ కావాలి గనుక ఆ రాత్రికి వదినా మరుదులు దుకాణం అరుగు మీదే ఉన్నారు. తన ఇంట వండింది వాళ్లు తినరని తెలిసి, బడేబీ జొన్నపిండి, కొత్త కుండ, పొయ్యికి కట్టెలు ఇచ్చింది.

దేవుని దయవల్ల తెల్లవారి మబ్బు పట్టలేదు. ఎండలో పెట్టి అచ్చు తీయగానే నర్సమ్మ ఫోటో కొంగున కట్టుకుని స్టేషనుకు నడిచింది. రైలు కదలకముందే దాన్ని ఎల్లయ్య చేతిలో పెట్టింది.

ఆ తర్వాత లాల్ అహ్మద్ పూలు లేని బూడిదరంగు కాగితం ఇంకొకటి కట్టాడు. ఎవరి నుదురూ చూసి తానే తేల్చలేదు. రెండూ చూపించి, ఏది కావాలో బడేబీ చేత అడిగించేవాడు. భర్త పోయినవాళ్లలోనూ పూలదాన్ని చూపినవాళ్లు ఉన్నారు. ఆయన సరేనని నల్లగుడ్డ కింద తలపెట్టేవాడు.